గొడుగుల అవ్వ మూట

తెల్లవారి కళ్ళు తెరిచాక అమ్మమ్మ మొదట చేసేది మొహం కడుక్కోవడం కాదు, మూట కట్టడం.

అడుగున దుప్పటి పరిచేది. దాని మీద బట్టలు. బట్టల మధ్య గుంటలా చేసి అన్నం గిన్నె, గిన్నెలో కంచాలు, కంచాల మీద గ్లాసులు, గ్లాసులో సబ్బుపెట్టె. పక్కన చిన్న స్టవ్వు. అన్నిటికన్నా పైన, ప్లాస్టిక్ సంచిలో అమ్మడి పుస్తకాలు. నాలుగు మూలలూ దగ్గరికి లాగి ముడి వేసేది. ఆ ముడి రాయిలా బిగుసుకునేది గాని, తెలిసినవాళ్ళు ఒక కొస పట్టుకుని లాగితే చటుక్కున విడిపోయేది. చూస్తూండగానే సంసారమంతా చంకనెక్కేది.

ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ళకి ఈ మూట అవసరమే. కానీ వాళ్ళు ఫుట్‌పాత్ వదిలేసి నాలుగు నెలలైంది. ఇప్పుడు ఉంటున్నది ప్రభుత్వం ఇచ్చిన గదిలో. పాత క్వార్టర్సులో మూడో అంతస్తు, ఒక కిటికీ, ఒక కుళాయి, లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు.

బస్టాండు గోడ పక్కన కూర్చుని గొడుగులు బాగుచేయడం అమ్మమ్మ పని. విరిగిన పుల్లలు మారుస్తుంది, చిరిగిన గుడ్డకి మాసిక వేస్తుంది. అందరూ ఆమెని గొడుగుల అవ్వ అంటారు. ఊళ్ళోవాళ్ళ తలలు తడవకుండా చూసేదానివి, నీ తల మీద కప్పేదీ అని అక్కడ టీ అమ్మేవాడు ఎకసెక్కాలాడేవాడు. చెప్పులు కుట్టేవాడి కాళ్ళు ఎప్పుడైనా చూశావా అని అమ్మమ్మ తిరిగి అనేది. అమ్మడు పుట్టిన కొన్నాళ్ళకే వాళ్ళమ్మ పోయింది. అప్పటినుంచి ఆ పిల్లకి తల్లీ తండ్రీ ఇల్లూ వాకిలీ అన్నీ అమ్మమ్మే.

అమ్మడికి పద్నాలుగు నిండాయి. బడిలో ఎవరైనా మీ ఇల్లెక్కడ అని అడిగితే తలొంచుకునేది. అలా తలొంచుకుని తలొంచుకుని మాట కూడా కిందికే పోయింది. పక్కన కూర్చున్నవాళ్ళకి తప్ప ఆ పిల్ల గొంతు వినపడదు.

గది ఇచ్చిన రోజు అమ్మడు గడియ పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. దానికీ నొప్పెడుతుంది వదిలెయ్యవే అని అమ్మమ్మ నవ్వింది. బట్టలు మార్చుకోవడానికి ఎవరినీ అడ్డం నిలబడమని బతిమాలక్కర్లేదు. లెక్కలు చేసుకుంటూంటే పుస్తకం మీంచి ఎవరూ దాటిపోరు. వాన వస్తే కిటికీలోంచి చూడొచ్చు. వానని చూడటం ఇంత బాగుంటుందని అమ్మడికి అప్పుడే తెలిసింది. అంతకుముందు వానంటే పరుగే.

గది ఊరికే రాలేదు. ఇల్లు లేనివాళ్ళ కోసం ప్రభుత్వం పాత గదులు బాగుచేయిస్తోందనీ, కొంతకాలం అద్దె కూడా ప్రభుత్వమే కట్టుకుంటుందనీ ఆడవాళ్ళ షెల్టరులో చెప్పారు. షరతు ఒక్కటే. గది తీసుకున్నవాళ్ళు అందులోనే ఉండాలి. తాళం వేసి ఎటో పోతే, వరసలో వెనకున్నవాళ్ళకి ఇచ్చేస్తారు. వరస చాలా పెద్దది. వీళ్ళ వెనకే ఉన్న అమ్మాయి గర్భిణి. అమ్మడికి ఆ అమ్మాయి తెలుసు. వాన రాత్రుళ్ళు వీళ్ళు షెల్టరుకి పరుగెత్తితే, పక్క చాప మీదే పడుకునేది.

కాబట్టి గదిలో ఉండాలి. వాళ్ళు ఉంటూనే ఉన్నారు. కాకపోతే, ఉన్నట్టు కనపడకుండా ఉంటున్నారు.

అదెలాగంటే, ఫుట్‌పాత్ మీద బతికినన్నాళ్ళూ అమ్మమ్మ నేర్చుకున్న విద్య అదొక్కటే. చప్పుడు చేస్తే కొట్టువాడు లేచి పొమ్మంటాడు. సామాను కనపడితే, ఫుట్‌పాత్ ఖాళీ చేయించే ఆఫీసువాళ్ళు లారీ ఎక్కించేస్తారు. ఒకసారి అలాగే, అమ్మడు మూడో తరగతిలో ఉండగా, ఆఫీసు లారీ వచ్చింది. అమ్మమ్మ నీళ్ళకి వెళ్ళి వచ్చేలోగా స్టవ్వూ, వండిన అన్నంతో సహా గిన్నే, అమ్మడి బడిసంచీ లారీలో వేసుకుని పోయారు. ఆ సాయంత్రం నుంచి అమ్మమ్మ మూట లేకుండా మంచినీళ్ళు కూడా తాగలేదు. పాము కరిచినవాడికి తాడు చూసినా భయమే అంటారు కదా. ఆఫీసువాళ్ళ కంటపడనిదే మన సామాను అని ఆమె ఒక సామెతే కట్టుకుంది.

గదిలోకి వచ్చినా ఆ విద్య పోలేదు. కంచాలు చప్పుడు కాకుండా కడిగేది. మాట్లాడితే గొంతు దించి మాట్లాడేది. వండుకోవడం, తినడం, కడగడం, ఆరగానే మూటలో పెట్టడం. పొద్దున్నే మూట చంకన పెట్టుకుని బస్టాండుకి, సాయంత్రం మూటతో ఇంటికి. గదిలో పగలు మిగిలేది తుడిచిన నేల ఒక్కటే. గోడకి మేకు కూడా కొట్టనివ్వలేదు. ఈ గోడ మనదా ఏమిటి, పెద్దవాళ్ళు చూస్తే ఏమంటారు అనేది.

ఒకరోజు ఆఫీసు బంట్రోతు వచ్చి, రేపు వసతి ఆఫీసరమ్మ గదులు చూడటానికి వస్తుంది, అందరూ ఉండండి అని అంతస్తు అంతస్తుకీ కేకేసి వెళ్ళాడు. అమ్మడు ఆ మాట అమ్మమ్మకి చేరవేసింది. ఆఫీసువాళ్ళు వస్తారట, చూస్తారట.

అంతే, అమ్మమ్మ కాళ్ళకి చక్రాలు వచ్చాయి. నేల తుడిచిందే తుడిచింది. కిటికీ ఊచలు తుడిచింది. కుళాయి కింద నీటి మరక కూడా గోకేసింది. మర్నాడు మామూలు కన్నా ముందే మూట కట్టి, గదికి తాళం వేసి, తాళంచెవి వచ్చేవాళ్ళకి కనపడేలా తలుపు పైన చట్రం మీద పెట్టి, అమ్మడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. ఉండమన్నారు కదా అని అమ్మడికి ఒకసారి అనిపించింది. కానీ ఆ పిల్ల కూడా ఫుట్‌పాత్ మీద పెరిగిందే. ఆఫీసువాళ్ళు వచ్చే చోట మనిషి నిలబడతాడా? గది అద్దంలా ఉంది, చూసుకుని మెచ్చుకుని పోతారు అనుకుంది. ఇద్దరూ మంచిపని చేశామనే అనుకున్నారు.

సాయంత్రం మెట్లెక్కి వచ్చేసరికి పక్కగది దర్జీ అత్త గుమ్మంలో నిలబడి ఉంది. టేపు మెడలోనే ఉంది. ఆవిడ మాట కత్తెరకన్నా పదును, మనసు మాత్రం దూదిపింజ.

"మీరు ఎక్కడికి పోయారమ్మా? ఆఫీసరమ్మ తలుపు తీసి చూసింది. లోపల పూచికపుల్ల లేదు. ఇక్కడ ఎవరుంటున్నారని నన్నడిగింది."

"నువ్వేం చెప్పావు?" అంది అమ్మమ్మ.

దర్జీ అత్త టేపు కొస వేలికి చుట్టుకుంది. "ఉన్నదే చెప్పాను. అప్పుడప్పుడు మెట్లమీద కనపడతారు గాని, నాలుగు నెలల్లో ఆ గదిలోంచి చెంచా కిందపడిన చప్పుడు కూడా వినలేదన్నాను. నాకేం తెలుసు పిన్నీ, నువ్వు పిల్లిలా బతుకుతున్నావని?"

మిగతాది ఆవిడ గబగబా చెప్పేసింది. గది ఖాళీగా పడి ఉందని ఆఫీసరమ్మ అనుకుంది. షెల్టరులో ఆ అమ్మాయికి కాన్పు అయిందట, చంటిబిడ్డతో చాప మీద పడుకుంటోందట, ఇక్కడేమో గదికి తాళం వేసి ఉందని ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. ఎల్లుండి పొద్దున మళ్ళీ వస్తుంది. అప్పుడు కూడా ఎవరూ ఉంటున్నట్టు లేకపోతే గది ఆ బాలింతకి ఇచ్చేస్తుంది.

అమ్మడు గదిలోకి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. గది పోతే మళ్ళీ అడ్డం నిలబడమని ఎవరినో బతిమాలాలి. మళ్ళీ వానొస్తే పరుగు. చంటిబిడ్డ కూడా కళ్ళలో మెదిలాడు. ఆ అమ్మాయికి గది వద్దని ఎలా అనుకోవడం? తన గది తనకి ఉండాలని ఎలా అనుకోకపోవడం? రెండూ ఒకేసారి అనిపించి ఏడుపొచ్చింది. అమ్మమ్మ వచ్చి తల నిమిరింది. "తుడిచిన గదిని చూసి తిట్టేవాళ్ళని నేనెక్కడా చూడలేదమ్మడూ" అంది. ఆమెకి ఇంకా అర్థం కాలేదు.

దర్జీ అత్తకి మాత్రం నిద్ర పట్టినట్టు లేదు. తన మాటవల్లే వీళ్ళ గదికి ఎసరొచ్చిందని ఆవిడ బాధ. ఆఫీసరమ్మ వచ్చే రోజు ఉదయమే తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో కుర్చీ. దాన్ని పెట్టి వెళ్ళి అద్దం తెచ్చింది. తర్వాత ప్లాస్టిక్ పూల కుండీ, ఆగిపోయిన గడియారం, రెండు దిళ్ళు, ఒక చిన్న బల్ల, మూతలేని డబ్బాలు. తనే మేకు కొట్టి అద్దం తగిలించింది. మేకు దిగుతూంటే అమ్మమ్మ తన ఒంట్లో దిగుతున్నట్టు కళ్ళు మూసుకుంది. ఇంకో గోడ బోసిగా ఉందని, ఇంట్లోకి పోయి ఒక ఫోటో పట్టుకొచ్చి దానికీ మేకు కొట్టింది.

"ఇప్పుడు చూడు పిన్నీ, సంసారం అంటే ఇదీ."

అమ్మమ్మ కుర్చీ చివర కూర్చుంది. తన గదిలో తనే చుట్టంలా ఉంది. ఈ హడావుడిలో అమ్మడు ఒక సంగతి గమనించలేదు. ఎప్పుడూ తలుపు పక్కన ఉండే మూట అక్కడ లేదు.

ఆఫీసరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, మూడు అంతస్తులు ఎక్కి ఆయాసపడుతోంది. వెంట ఎవరూ లేరు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి చుట్టూ చూసింది. మొన్న ఖాళీగా ఉన్న గది ఇవాళ కొట్టులా ఉంది. ఆవిడ మొహంలో కోపం లేదు గాని, నమ్మకం కూడా లేదు. మెల్లగా నడిచి ఫోటో దగ్గర ఆగింది. అందులో మీసాలాయన ఒకడు ఛాతీ విరుచుకుని నిలబడి ఉన్నాడు.

"ఈయన ఎవరు మీకు?" అని అమ్మమ్మని అడిగింది.

అమ్మమ్మ ఫోటో వైపు చూసింది, నేల వైపు చూసింది. అబద్ధం ఆడటం ఆమెకి ఎప్పుడూ చేతకాదు. గుమ్మంలోంచి దర్జీ అత్త గొంతు సవరించుకుంది. "మా ఆయనండీ. పొద్దున్నే బజారుకి వెళ్ళాడు. తిరిగొచ్చేలోగా దించేద్దామనుకున్నా."

ఆఫీసరమ్మ పెదవి చివర నవ్వు వచ్చి ఆగిపోయింది. ఆవిడ కుర్చీ పట్టుకుని చూసింది, అద్దం చూసింది. ఇవన్నీ కూడా ఆవిడవేనా అని అడిగింది. అవునని అమ్మమ్మ తలూపింది. ఆఫీసరమ్మ నిట్టూర్చి, తనకి ఎవరి మీదా పగ లేదనీ, డబ్బు ప్రభుత్వానిదైనా చివరికి జవాబు చెప్పుకోవాల్సింది తనేననీ, చంటిబిడ్డని చాప మీద పెట్టి ఖాళీ గదికి అద్దె కట్టలేననీ చెప్పింది. గట్టిగా చెప్పలేదు. గట్టిగా చెప్పి ఉంటే అమ్మడికి ఇంత భయం వేసేది కాదు.

"ఇక్కడ ఉంటున్నామంటున్నారు కదా. మరి మీ సామాను ఏది?"

అమ్మడు అప్పుడు చూసింది తలుపు పక్కకి. మూట లేదు. అమ్మమ్మ మొహం చూడగానే, తెల్లవారకముందే ఆమె మేడమెట్లు దిగి రావడం గుర్తొచ్చి, ఆ పిల్లకి తెలిసిపోయింది.

"మేడమీద ఉంది" అంది అమ్మడు.

ఆఫీసరమ్మకి వినపడలేదు. ఏమన్నావమ్మా అంటూ దగ్గరికి వచ్చి, కొంచెం వంగింది. పెద్దవాళ్ళు అలా తన ఎత్తుకి వంగి వినడం అమ్మడికి కొత్త. మళ్ళీ చెప్పింది. మేడమీద ఉందండీ, రండి చూపిస్తాను అంది.

అందరూ మేడెక్కారు. నీళ్ళ ట్యాంకు వెనక, గోడకీ ట్యాంకుకీ మధ్య సందులో, పాత గొడుగుల గుడ్డలు కప్పి, వాటి మీద ఇటుకలు పెట్టి ఉంది మూట. ఎండలో వెచ్చగా ఉంది. అమ్మడు ఇటుకలు తీసింది. ఆఫీసరమ్మ ఆ మూటనీ, ఆ ముడినీ చూస్తూ నిలబడింది.

"ఇక్కడెందుకు పెట్టారు అవ్వా?"

"మీరొస్తున్నారని" అంది అమ్మమ్మ.

ఆఫీసరమ్మకి అర్థం కాలేదు. అప్పుడు అమ్మడే చెప్పింది. లారీ సంగతి, స్టవ్వు సంగతి, అన్నం గిన్నె సంగతి. అప్పటినుంచి రోజూ ఎలా మూట కడతారో, ఎలా చప్పుడు చేయకుండా తింటారో. మొన్న ఆఫీసువాళ్ళు వస్తున్నారనే గది తుడిచి, మీకు అడ్డం ఉండకూడదనే వెళ్ళిపోయామండీ అని చెప్పింది. మాట మధ్యలో రెండుసార్లు ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. ఆఫీసరమ్మ తొందరపెట్టలేదు.

అంతా విన్నాక ఆవిడ కాలికి అడ్డంగా ఉన్న ఇటుక తీసి పక్కన పెట్టింది. "ఆ లారీ మాది కాదు అవ్వా. అది వేరే శాఖవాళ్ళది" అంది.

"మాకేం తెలుసమ్మా" అంది అమ్మమ్మ మెత్తగా. "లారీ మీదా అదే ముద్ర, గది తలుపు మీదా అదే ముద్ర. చదువు రానిదాన్ని, బొమ్మే గుర్తుపెట్టుకున్నాను."

దర్జీ అత్త ముక్కు ఎగబీల్చి, ఎండ కళ్ళలో పడుతోందని అటు తిరిగింది. ఆఫీసరమ్మ వంగి మూటకి ఒకవైపు చెయ్యి వేసింది. మీరెందుకమ్మా అని అమ్మమ్మ కంగారుపడిపోయింది. ఆఫీసువాళ్ళు మూట పట్టుకుంటే ఆమెకి ఇంకా భయమే. అమ్మడు రెండో వైపు పట్టుకుంది. మెట్ల మలుపులో ఆఫీసరమ్మ మోకాలికి స్టవ్వు తగిలి అబ్బా అంది. ఇంత బరువు రోజూ బస్టాండు దాకా మోస్తారా అని అడిగింది. మోయకపోతే తెల్లవారినట్టే ఉండదండీ మా పిన్నికి అని వెనకనుంచి దర్జీ అత్త అంది.

గదిలో దర్జీ అత్త తన సామాన్లు ఒక్కొక్కటే పట్టుకుపోయింది. ఫోటోని ముందు దించింది. అద్దం మాత్రం ఉంచేసింది. ఆడపిల్ల ఉన్న ఇల్లు, అద్దం లేకపోతే ఎలా అంది.

ఆఫీసరమ్మ నేల మీద కూర్చుంది. మీరు ఇక్కడే ఉంటున్నారని తను ఒప్పుకుంటున్నాననీ, గది మీదేననీ చెప్పింది. అమ్మడు ఊపిరి వదిలింది. మరి ఆ బాలింత అని నోరు తెరవబోయింది. అడగకముందే ఆవిడ, ఆ అమ్మాయికి ఇంకో గది వెతకడం నా తలనొప్పి, నువ్వు పెట్టుకోకు అంది. దొరుకుతుందని మాటిచ్చినట్టు లేదు. వెతుకుతానన్న మాట మాత్రం గట్టిగానే ఉంది.

"ఒక్కటి చెయ్యాలి అవ్వా. ఇది విప్పి, సామాను బయట పెట్టండి. నా తర్వాత ఇంకెవరైనా చూడటానికి వస్తే వాళ్ళకీ తెలియాలి కదా, ఇక్కడ మనుషులున్నారని."

అమ్మమ్మ ముడి కొస పట్టుకుంది. లాగడానికి చెయ్యి రాలేదు. రోజూ సాయంత్రం లాగే ముడే. కానీ పట్టపగలు, ఆఫీసు మనిషి ఎదుట, ఎప్పుడైనా విప్పిందా? కొంచెంసేపటికి ఆమె అమ్మడి చేతిని తన చేతి మీదికి లాక్కుంది. ఇద్దరూ కలిసి లాగారు. మూట విడిపోయింది.

అన్నీ నేల మీద పడ్డాయి. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఏది ఎక్కడ పెట్టాలి? ఇన్నేళ్ళూ ఏ వస్తువుకైనా ఒకటే చోటు, మూటలో పైనో కిందో. గిన్నె పట్టుకుని అమ్మమ్మ గదంతా తిరిగింది. కుళాయి పక్కన పెట్టి, బాగాలేదని తీసి, కిటికీలో పెట్టి, అక్కడినుంచి తీసి మళ్ళీ కుళాయి దగ్గరికే తెచ్చింది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలా ఉన్నావు పిన్నీ అని దర్జీ అత్త వేళాకోళమాడింది. అమ్మమ్మ సిగ్గుపడి నవ్వింది. ఆఫీసరమ్మ కూడా ఈసారి నవ్వు ఆపుకోలేదు. వెళ్తూ వెళ్తూ, మళ్ళీ ఈ వైపు వస్తాననీ, అప్పుడు టీ పెట్టి ఇస్తే తాగుతాననీ చెప్పింది.

మర్నాడు బడిలో అమ్మడికి పాఠం చెవికెక్కలేదు. పొద్దున తను బయల్దేరేటప్పుడు అమ్మమ్మ నేల మీద కూర్చుని సామాన్ల వైపు చూస్తూ ఉంది. కట్టొద్దు అని అమ్మడు చెప్పలేదు. కట్టుకో అని కూడా అనలేదు. బడి వదలగానే పరుగులాంటి నడకతో వచ్చి మెట్లెక్కింది.

తలుపు తీసే ఉంది. తలుపు పక్కన మూట ఉంది.

అమ్మడి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. తర్వాత చూస్తే ఆ మూట చిన్నగా, సగానికి సగం ఉంది. స్టవ్వు కుళాయి పక్కన ఉంది. దాని పక్కన గిన్నె, గిన్నె పక్కన బోర్లించిన గ్లాసులు. పుస్తకాలు కిటికీలో వరసగా, పెద్దవి వెనకా చిన్నవి ముందూ ఉన్నాయి. అమ్మమ్మ గోడకి ఆనుకుని, ఎవరిదో నల్ల గొడుగు ఒళ్ళో పెట్టుకుని పుల్ల సరిచేస్తోంది. ఇవాళ పని ఇంటికే తెచ్చుకుంది. అమ్మడి వైపు చూడకుండానే అంది:

"గిన్నెలు వదిలేశానే. బట్టలూ దుప్పటీ మాత్రం నావల్ల కాలేదు. పొద్దున్నించి రెండుసార్లు విప్పాను, రెండుసార్లు కట్టాను."

అమ్మడు బడిసంచి కిటికీ దగ్గర పెట్టి, వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. మూట మీద చెయ్యి వేసి చూసింది. ముడి మామూలుగా లేదు. ఎప్పుడూ రాయిలా ఉండేది, ఇవాళ వదులుగా ఉంది.

"ఉండనీ అమ్మమ్మా" అంది. "నీకు ఎప్పుడు విప్పాలనిపిస్తే అప్పుడే విప్పుదాం. ఆకలేస్తోంది, అన్నం స్టవ్వు మీద పెట్టనా?"

"పెట్టు" అంది అమ్మమ్మ, గొడుగు తెరిచి వెలుతురుకేసి చూసి చిల్లులు వెతుకుతూ.

అమ్మడు లేచి గిన్నె కుళాయి కింద పెట్టింది. నీళ్ళు గిన్నెలో పడి మోగుతున్నాయి. ఆ చప్పుడుకి అమ్మమ్మ ఒకసారి తలెత్తి, ఏదో అనబోయి, మళ్ళీ పని చూసుకుంది.